కదలికలు తగ్గాయనిపిస్తే వచ్చే చెకప్ దాకా ఆగొద్దు చెల్లీ

ప్రశ్న: అక్కా, నాకిది మొదటి కాన్పు, 34వ వారం నడుస్తోంది. రెండు మూడు రోజులుగా బిడ్డ తన్నడం మునుపటిలా లేదు, అప్పుడప్పుడు లోపల దొర్లినట్టు మాత్రం తెలుస్తోంది. అత్తయ్యని అడిగితే నెలలు నిండేకొద్దీ లోపల చోటుండదు, కదలికలు తగ్గుతాయి, మామూలే అన్నారు. పోయిన స్కాన్ లో బరువు 2 కిలోలుంది, కొంచెం తక్కువ, రెండు వారాలాగి మళ్లీ చూద్దాం అన్నారు. వెల్లకిలా పడుకుంటే ప్రమాదమని ఎక్కడో చదివినప్పట్నించీ నిద్రపోవాలంటేనే భయం. కాళ్లు వాస్తున్నాయి, పొట్ట గట్టిపడి వదిలేస్తోంది. ఊరికే ఏడుపొస్తోంది, ఏడిస్తే బిడ్డకి తగులుతుందేమో అని ఇంకా ఏడుపు. మా ఆయన అతిగా ఆలోచించకు అంటారు. చెకప్ వచ్చే వారం, అప్పటిదాకా ఆగొచ్చా?

సమాధానం: ఆగొద్దు చెల్లీ. ఈ మాట నీ ఉత్తరం చూసిన వెంటనే నీకు విడిగా రాసి పంపాను, మిగతావి కూడా చాలామందికి పనికొచ్చేవి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా. నీలాగే ఇది చదువుతున్న ఇంకెవరికైనా 28 వారాలు దాటి, ఇవాళ బిడ్డ కదలికలు తగ్గాయి అనిపిస్తుంటే ఇక్కడే చదవడం ఆపి హాస్పిటల్ కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా సెలవు రోజైనా సరే, లేబర్ వార్డులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

మీ అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోకు, ఆవిడ నీ భయం పోగొడదామనే అన్నారు, పైగా ఆ మాట చాలామంది నోట వినిపించేదే. కానీ అందులో సగమే నిజం. చోటు తగ్గుతుంది, దాంతో కదిలే తీరు మారుతుంది, ఇదివరకు టప్పున తన్నినట్టు ఉండేది ఇప్పుడు మోకాలో మోచెయ్యో ఈ పక్కనుంచి ఆ పక్కకి జరిగినట్టు, మొత్తం మనిషే దొర్లినట్టు ఉంటుంది. తీరు మారితే పర్లేదు, ఎన్నిసార్లు కదులుతోంది అన్నది మాత్రం తగ్గకూడదు. చివరి వారం దాకా, ఆ మాటకొస్తే నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మాయ నుంచి ఆక్సిజన్, పోషకాలు సరిగా అందకపోతే బిడ్డ మొదట చేసే పని కదలడం తగ్గించి ఉన్న శక్తిని గుండెకి, మెదడుకి దాచుకోవడం, అంటే కదలికలు తగ్గడం అనేది లోపల్నించి మనకి తెలిసే మొదటి కబురు కావచ్చు, అందులోనూ స్కాన్ లో బరువు కొంచెం తక్కువ అన్న బిడ్డ విషయంలో ఇంకా జాగ్రత్తగా వినాల్సిన కబురు. నువ్వు ఉత్తరంలో ఈ రెండూ వేర్వేరుగా రాశావు, నాకైతే రెండూ కలిపి చదివితేనే కంగారేసింది.

అలాగని ప్రతి గంటకీ లెక్కపెట్టుకుంటూ కూర్చోమని కాదు. బిడ్డ లోపల నిద్రపోతుంది, మామూలుగా ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటడం అరుదు, ఆ టైమ్ లో కదలదు. నువ్వు పనిలో తిరుగుతుంటే ఆ ఊపుకి పడుకుంటుంది, నువ్వు నడుం వాల్చగానే మొదలుపెడుతుంది, చాలామంది రాత్రి పడుకున్నాకే బాగా తెలుస్తోంది అనేది అందుకే. ఒక్కో బిడ్డకి ఒక్కో అలవాటు, అందుకని పక్కింటావిడ బిడ్డతో పోల్చుకుంటే లాభం లేదు, నీ బిడ్డ మొన్నటిదాకా ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది అన్నదే లెక్క. మరీ అనుమానంగా ఉంటే పక్కకి తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టేసి, చెయ్యి పొట్ట మీద వేసుకుని గమనించు, రెండు గంటల్లో 10 కదలికలు తెలియాలి అని చాలామంది డాక్టర్లు చెప్పే లెక్క, తన్నడం, దొర్లడం, సాగడం అన్నీ లెక్కలోకే వస్తాయి, ఎక్కిళ్లు మాత్రం రావు (టిక్ టిక్ మని ఒకే తాళంలో వచ్చేవి, అవి మామూలే). కానీ అనుమానం కాదు, ఖచ్చితంగా తగ్గింది అని నీ మనసుకి తెలిసిపోతుంటే ఆ రెండు గంటలు కూడా ఖర్చుపెట్టకు. చల్లటిదో తియ్యటిదో తాగి చూద్దాం అని గంటలు గడపడం, ఇంట్లో గుండె చప్పుడు వినే మెషీన్ పెట్టుకుని ఆ, వినిపిస్తోందిలే అని పడుకోవడం, ఈ రెండూ వద్దు. గుండె చప్పుడు వినిపించినంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు, అది కొట్టుకునే తీరులో మార్పులు చూసి చెప్పాలి, ఆ చూపు నేర్చుకున్నవాళ్లకే ఉంటుంది.

వెళ్తే ఏం చేస్తారు అని భయపడకు. పొట్టకి రెండు బెల్టులు కట్టి ఓ అరగంట బిడ్డ గుండె గ్రాఫ్ తీస్తారు, నీ బీపీ చూస్తారు, యూరిన్ లో ప్రోటీన్ పోతోందా చూస్తారు, అవసరమైతే స్కాన్ చేసి ఉమ్మనీరు ఎంతుంది, బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోంది చూస్తారు. ఏదీ నొప్పి పెట్టేది కాదు. ఎక్కువమందికి అంతా బాగుంది వెళ్లిరండి అనే చెప్తారు. అలా చెప్పి పంపినందుకు అనవసరంగా వచ్చామే అని సిగ్గుపడకు, మళ్లీ నాలుగు రోజులకి అదే అనుమానం వస్తే మళ్లీ వెళ్లు, రెండోసారి వెళ్లడానికి మొహమాటపడి ఇంట్లో కూర్చోవడమే నాకు అన్నిటికన్నా భయం.

ఇక ఆ 2 కిలోల సంగతి. 34 వారాలకి సగటున 2.1 నుంచి 2.4 కిలోల దాకా ఉంటారు, దానికి 2 అంటే మరీ దూరమేం కాదు. స్కాన్ మెషీన్ బిడ్డని తూకం వెయ్యదు, తల, పొట్ట, తొడ ఎముక కొలిచి లెక్కకట్టి చెప్తుంది, ఆ లెక్క 10, 15 శాతం అటూ ఇటూ అవ్వొచ్చు. అందుకే డాక్టర్లు ఒక్క అంకె చూసి నిర్ణయానికి రారు, పెరుగుదల ఎలా ఉంది అని చూస్తారు. ఈ టైమ్ లో వారానికి సుమారు 200 గ్రాములు పెరగాలి, వారానికే మళ్లీ కొలిస్తే పెరిగినదానికన్నా కొలతలో తేడానే ఎక్కువుంటుంది కాబట్టి రెండు వారాలు ఆగమన్నారు, నిన్ను పట్టించుకోక కాదు. ఈసారి వెళ్లినప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు అడుగు: పోయిన స్కాన్ తో పోలిస్తే అదే గీత మీద పెరుగుతోందా, ఉమ్మనీరు సరిపడా ఉందా, బొడ్డుతాడు రక్తప్రసరణ చూశారా. అమ్మానాన్నా చిన్న సైజు మనుషులైతే బిడ్డ కూడా చిన్నగా ఉండి పూర్తి ఆరోగ్యంగా ఉండొచ్చు. నువ్వు సరిగా తినలేదనో, పని చేశావనో ఇలా అయ్యిందని ఎవరైనా అంటే ఆ మాట నెత్తికెత్తుకోకు.

లోపల ఇప్పుడు ఏం జరుగుతోందో తెలిస్తే నీకు ఈ చివరి వారాలు కొంచెం ఇష్టంగా గడుస్తాయేమో. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా లోపల ఒక పూతలాంటి పదార్థం తయారవుతుంది, అది దాదాపు 34, 36 వారాలకి సరిపడా వస్తుంది. చర్మం కింద కొవ్వు చేరేది ఇప్పుడే, పుట్టాక ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలంటే అదే ఆధారం. 35 వారాల బిడ్డ మెదడు, నెలలు నిండాక ఉండే బరువులో మూడింట రెండు వంతులే ఉంటుంది, అంటే ఈ నెల రోజుల్లో మిగతా వంతు పెరగాలి. అందుకే ఏ ఇబ్బందీ లేనప్పుడు 39 వారాల ముందు కాన్పు చెయ్యకూడదు అంటారు, ఎలాగూ బిడ్డ పెరిగిపోయింది కదా మంచి రోజు చూసి తీసేద్దాం అనే మాట ఎవరన్నా తెస్తే నువ్వు గట్టిగా వద్దను. అదే బీపీ పెరగడమో బిడ్డ ఎదుగుదల ఆగిపోవడమో జరిగి డాక్టరే ముందు చేద్దాం అంటే అది వేరే సంగతి, అప్పుడు లోపలికన్నా బయటే క్షేమం అని చెప్తున్నారన్నమాట.

నీ ఒంట్లో ఉన్న రోగనిరోధక యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకి ఎక్కువగా చేరేది కూడా ఈ చివరి మూడు నెలల్లోనే, ఈ వారాల్లో కోరింతదగ్గు టీకా వేయించుకోమని చెప్పేది అందుకే, నీకు వేశారో లేదో ఒకసారి అడుగు. ఐరన్ కూడా బిడ్డ ఇప్పుడే దాచుకుంటుంది, పుట్టాక మొదటి కొన్ని నెలలు దాంతోనే గడుపుతుంది. నీ హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, బిళ్ళ మానొద్దు, టీ, కాఫీ, పాలతో కలిపి మాత్రం వేసుకోకు, ఒంటికి పట్టదు.

బిడ్డ నీ గొంతు వింటోంది చెల్లీ, ఇది ఓదార్పుకి చెప్పే మాట కాదు. 1980లో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టి మూడు రోజులు కూడా నిండని పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు, పాలపీక చప్పరించే తీరుని బట్టి అమ్మ గొంతో ఇంకో ఆవిడ గొంతో వినిపించేలా ఏర్పాటు చేస్తే, పిల్లలు అమ్మ గొంతు వినిపించేలా చప్పరించడం మార్చుకున్నారు. ఏం మాట్లాడాలో తెలియకపోతే రోజు ఎలా గడిచిందో చెప్పు, చాలు.

నిద్ర గురించి రాసింది చదివి నాకు జాలేసింది, ఒక మంచి సలహా నీకు శిక్షలా మారిపోయింది. వెల్లకిలా పడుకుంటే బరువైన గర్భసంచి వెన్నెముక పక్కనుండే పెద్ద సిరని నొక్కి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, బిడ్డకి వెళ్లేది కూడా తగ్గుతుంది, 28 వారాల తర్వాత పక్కకి తిరిగి పడుకోమనేది దాని కోసం. ఎడమ పక్కే అక్కర్లేదు, కుడి అయినా పర్లేదు. ముఖ్యం ఏంటంటే నిద్రలోకి జారుకునేటప్పుడు ఏ భంగిమలో ఉన్నావు అన్నది, రాత్రిలో మనం ఎక్కువసేపు ఉండేది ఆ భంగిమలోనే. మధ్యలో మెలకువొచ్చి చూస్తే వెల్లకిలా ఉన్నావనుకో, కంగారేం లేదు, మళ్లీ పక్కకి తిరిగి పడుకో, అంతే. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి పెట్టుకుంటే నడుముకి కూడా హాయి. గుండెల్లో మంటకి తల వైపు ఎత్తు పెట్టుకో, పడుకునే ముందు రెండు మూడు గంటలు ఏమీ తినకు.

కాళ్ల వాపు సాయంత్రానికి పాదాల్లో, చీలమండల దగ్గర వచ్చి పొద్దున్నకి తగ్గుతుంటే అది మామూలు వాపు, కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే తగ్గుతుంది. కానీ మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, ఎప్పుడూ లేని తలనొప్పి వచ్చి వదలకపోయినా, కళ్ల ముందు మెరుపుల్లా మసకగా ఉన్నా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుట్టినా అది ప్రీఎక్లాంప్సియా కావచ్చు, బీపీ పెరిగి అమ్మకి ఫిట్స్ దాకా, బిడ్డకి రక్తం తగ్గిపోయేదాకా తీసుకెళ్లగలదు. 140/90 అయినా దాటినా ఆ రోజే డాక్టర్ కి చెప్పాలి, 160/110 అంటే ఇక గంట కూడా ఆగకూడదు. ఇందులో మోసం ఏంటంటే బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, కాబట్టి ఏ చెకప్ కీ బీపీ చూపించుకోకుండా రాకు. ఒకే కాలు వాచి పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, అది కూడా ఆ రోజు పనే. ఇంకోటి, అరచేతులు, అరికాళ్లు దద్దుర్లేమీ లేకుండా రాత్రిళ్లు తెగ దురద పెడుతుంటే పొడి చర్మం అని క్రీమ్ రాసుకుని ఊరుకోకు, కాలేయానికి సంబంధించిన ఇబ్బంది కావచ్చు, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. ఇది చాలామంది డాక్టర్ దగ్గర అసలు చెప్పనే చెప్పరు, దురదే కదా అని.

పొట్ట గట్టిపడి వదలడం దొంగనొప్పులే అయ్యుండొచ్చు, ఒక వరసలో రావు, నీళ్లు తాగి పక్కకి తిరిగి పడుకుంటే సర్దుకుంటాయి. అసలు నొప్పులు అలా సర్దుకోవు, దగ్గర దగ్గరగా, ఎక్కువసేపు, ఇంకా గట్టిగా వస్తుంటాయి. నెలలు నిండాక మొదటి కాన్పుకి ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలా వస్తే బయల్దేరమంటారు. నీకు ఇంకా 37 నిండలేదు కాబట్టి ఆ లెక్క నీకు వర్తించదు, ఒక వరసలో వస్తున్నట్టు అనిపించినా, నడుం కిందంతా లాగేస్తున్నా వెంటనే ఫోన్ చెయ్యి, కొన్నిసార్లు కాన్పుని కొంత వాయిదా వెయ్యగలరు, వెయ్యలేకపోయినా బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి ఇంజెక్షన్ అవసరమా అని ఆలోచించే టైమ్ దొరుకుతుంది. రక్తం కనిపించినా, నీరు పోయినా ఇదే మాట, ఆ నీరు ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే ఆ రంగు ఫోన్ లోనే చెప్పు.

ఇప్పుడు ఏడుపు. నేను ఈ ఉత్తరంలో రెండోసారి చదివింది ఆ భాగమే. ముందు ఒకటి, ఏడిస్తే బిడ్డకి ఏమీ కాదు. ఏడుపు, భయం, కోపం, ఒక చెడ్డరోజు, వీటివల్ల బిడ్డ పాడైపోదు, ఆ భయం ఇప్పుడే దించెయ్. చివరి నెలల్లో నిద్ర చాలక, ఒళ్లు బరువై, ముందేం జరుగుతుందో తెలియక కళ్లు తడవడం చాలామందికి ఉంటుంది. కానీ రెండు వారాలు దాటి దాదాపు ప్రతిరోజూ అలాగే ఉంటే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే, ఇల్లంతా పడుకున్నా నీకు కన్ను మూతపడకపోతే, నేను పనికిరాని తల్లిని అనే ఆలోచన తిరుగుతుంటే, దాన్ని హార్మోన్లలే అని వదిలెయ్యకూడదు, కదలికల్ని చోటు లేదులే అని వదిలెయ్యకూడనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో సుమారు 10 శాతం మందికి మానసిక ఇబ్బంది ఉంటుంది, ముఖ్యంగా డిప్రెషన్. కాన్పు అయ్యాక వచ్చేదే అనుకుంటారు, చాలామందికి లోపల ఉండగానే మొదలవుతుంది, ఇప్పుడు చూపించుకోకపోతే కాన్పు తర్వాత ఆ బాధ ఇంకా పెరగొచ్చు. డాక్టర్ ని అడిగితే ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఇస్తారు, 1987 నుంచి వాడుకలో ఉంది, గడిచిన ఏడు రోజులు ఎలా ఉన్నావో అడుగుతుంది, ఐదు నిమిషాల పని. దాన్ని బట్టి కౌన్సెలింగ్ తోనే సరిపోవచ్చు, మందులు కావాలంటే గర్భంతో ఉన్నప్పుడు వాడదగ్గవి ఉన్నాయి, మంచీచెడూ తూచి డాక్టరే చెప్తారు. ఇప్పటికే ఏదైనా మందు వాడుతుంటే బిడ్డకి భయపడి నీ అంతట నువ్వు ఆపెయ్యకు. బతకాలని లేదు అనిపించినా, నీకో బిడ్డకో ఏదైనా చేసేస్తానేమో అనిపించినా అది చెకప్ దాకా దాచే మాట కాదు, పక్కనున్న మనిషికి అప్పుడే చెప్పి ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు.

మీ ఆయనకి నా తరఫున చెప్పు, అతిగా ఆలోచించకు అనే మాట ప్రేమతోనే అన్నా అది విన్నాక నువ్వు ఆలోచించడం మానవు, అతనికి చెప్పడం మానేస్తావు. దాని బదులు ఏం భయమేస్తోంది అని అడిగి, సమాధానం చెప్పకుండా చివరిదాకా వింటే చాలు. రాత్రి నువ్వు బిడ్డ కదలట్లేదు అంటే పొద్దున చూద్దాం అనకుండా లేచి చెప్పులేసుకోవాలి, ఆ ఒక్క విషయంలో వాదన వద్దు. పగలు నీకు గంట కునుకు దొరికేలా ఇంటిపని ఎవరు చేస్తారో అత్తయ్యగారితో కలిసి మాట్లాడాల్సింది కూడా అతనే.

ఈసారి హాస్పిటల్ కి వెళ్లినప్పుడు అతన్ని బయట కూర్చోబెట్టకు, లోపలికి రమ్మను. బరువు, కదలికలు నువ్వు చెప్పగలవు, ఏడుపు సంగతి వచ్చేసరికి బాగానే ఉన్నాను మేడమ్ అని వచ్చేస్తావని నాకు అనుమానం, చాలామంది అలాగే వచ్చేస్తారు. నోటితో చెప్పలేకపోతే నాకు రాసిన ఈ ఉత్తరమే ఫోన్ లో తీసి డాక్టర్ చేతికివ్వు, వేరే ఏమీ మాట్లాడక్కర్లేదు.